లైబ్రరీ వెనుక గది

మా గురుకులంలో లైబ్రరీ వెనుక ఒక చిన్న గది ఉంది. విరిగిన బల్లలు, పాత జవాబు పత్రాల కట్టలు పడేసి ఉంచిన ఆ గదిని గత ఏడాది ఆగస్టులో ఖాళీ చేయించి, సున్నం వేయించి, రెండు కుర్చీలు, ఒక చాప, ఒక మంచినీళ్ల కుండ పెట్టించాము. పదిహేను రోజులకొకసారి, శనివారం నాడు, హనుమకొండ నుంచి ఒక సైకాలజిస్టు వచ్చి అందులో కూర్చుంటారు. మాట్లాడాలనుకున్న పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి మాట్లాడి వెళతారు. పైకి కనిపించేది ఇంతే. ఈపాటి ఏర్పాటు కుదరడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది. ఇతర గురుకులాల టీచర్లు ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది ఎవరిని పిలిచారు, ఎంత ఖర్చయింది అని. అవి తెలుసుకోవలసినవే. అయితే మా దగ్గర పిల్లలు వస్తారా, రారా అన్నది తేల్చినవి వేరే సంగతులు: గది తలుపు ఎటు తెరుచుకుంటుంది, పిల్లను ఏ వేళకు పిలుస్తారు, మాట్లాడాలనుకున్నవారు చీటీ వేసే పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది. వాటి గురించి వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక బాలికల గురుకులంలో జీవశాస్త్రం చెబుతాను. ఐదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా 600 మందికి పైగా అమ్మాయిలు ఇక్కడ ఉంటారు. మహబూబాబాద్ వైపు తండాల నుంచి, ఏటూరునాగారం వైపు కోయ గూడేల నుంచి, పరకాల, నర్సంపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవారు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది పత్తి, మిర్చి చేలల్లో కూలికి పోయేవారు; కొందరు హైదరాబాదులో కట్టడం పనుల్లో ఉన్నారు; కొన్ని నేత కుటుంబాలు భీవండికో సూరత్‌కో వలస వెళ్లాయి. ఊళ్లో ఇల్లు ఉన్నా ఆ ఇంట్లో నాయనమ్మ తప్ప ఎవరూ లేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. నర్సంపేట పక్కనున్న లక్నేపల్లిలో పుట్టిన పి.వి.నరసింహారావు గారి చొరవతో 1971లో సర్వేలు గ్రామంలో మొదలైన గురుకుల చదువు పల్లె పిల్లలకు ఎంత పెద్ద దారి తెరిచిందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ గురుకులంలో చదువుకున్నదాన్నే. పదేళ్ల వయసులో రేకు పెట్టె పట్టుకొని గేటు దాటిన మొదటి రాత్రి, అమ్మ యాదికొచ్చి, దుప్పటి కొస నోట్లో కుక్కుకొని ఏడ్చిన సంగతి నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగిన సంగతి అని అనుకోలేదు.

2024 దసరా సెలవుల తర్వాత జరిగినదాన్నుంచి మొదలుపెట్టాలి. బతుకమ్మ ఆడి, పండుగ చేసుకొని పిల్లలు తిరిగి వచ్చిన నాలుగో రోజు రాత్రి, ఎనిమిదో తరగతి డార్మిటరీలో ఒక అమ్మాయి నిద్రలో లేచి కూర్చొని గట్టిగా అరుస్తూ ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను పట్టుకున్న ఇద్దరు ఏడ్చారు. పక్క గదిలో ఒకరికి చేతివేళ్లు కొంకర్లు పోయాయి. తెల్లవారేసరికి 19 మంది ఊపిరి ఆడడం లేదని, కాళ్లు తిమ్మిరెక్కాయని, చీకట్లో ఎవరో నిలబడినట్టు కనిపించిందని వణుకుతూ ఉన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు వచ్చి అందరినీ పరీక్షించి, బీపీ, ఉష్ణోగ్రత, రక్త పరీక్షలు చూసి, శరీరంలో ఏ జబ్బూ లేదని చెప్పారు. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు బిగుసుకుపోతాయని నేనే తరగతిలో చెప్పి ఉంటాను. ఆ రాత్రి మాత్రం అది నాకు గుర్తు రాలేదు, ఆ బిగుసుకున్న వేళ్లను చూసి నాకూ బుగులు పుట్టింది. పొద్దునకల్లా తల్లిదండ్రులు ఆటోల్లో వచ్చారు. గాలి సోకిందని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. కొందరు పిల్లలను అంత్రం (తాయెత్తు) కట్టించడానికి తీసుకువెళ్లారు. వారిని నేను తప్పుపట్టలేను, ఆ క్షణంలో వారికి మేము ఇచ్చిన జవాబు ఏదీ లేదు గనుక.

మూడో రోజున వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి నలుగురు పిల్లలను తీసుకువెళ్లాము. అక్కడి డాక్టరు చెప్పిన మాటలు సరళమైనవి. ఒకే గదిలో పడుకొని, ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికే పిల్లల్లో భయం ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. పిల్లలు నటించడం లేదు, వారి బాధ నిజమైనదే. మొదట ఏడ్చిన పిల్లను గుంపు నుంచి పక్కకు తీసుకువెళ్లి నెమ్మదిగా కూర్చోబెట్టాలి, చుట్టూ జనం చేరకుండా చూడాలి. ఆ తర్వాత ఆ పిల్ల ఇంటి దగ్గర ఏం జరిగిందో తీరికగా వినాలి. ఆ నాలుగో మాట దగ్గరే మేము ఆగిపోయాము. వినడానికి మా బడిలో ఎవరున్నారు? నెల రోజుల తర్వాత తెలిసింది, మొదట అరిచిన అమ్మాయికి ఆ సెలవుల్లోనే పెళ్లి మాటలు జరిగాయని. ఆమెకు అప్పటికి 13 ఏళ్లు.

అంతవరకు మా బడిలో కౌన్సెలింగ్ లేదని కాదు. ఏడాదికి ఒకసారి, పదో తరగతి పరీక్షలకు ముందు, ఎవరో ఒక వక్తను పిలిచి, అసెంబ్లీ మైదానంలో మైకు పెట్టి, ఐదు వందల మందిని ఎండలో కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడించి, ఫోటోలు తీసి పంపేవారము. చివర్లో ఎవరికైనా సమస్య ఉంటే చేయి ఎత్తమని అడిగేవారము. ఐదు వందల మందిలో చేయి ఎత్తగల పిల్లకు కౌన్సెలర్ అవసరం ఏముంటుంది అన్న ఆలోచన మాకు రాలేదు. ఆ మాటకే మా ప్రాంతంలో ఎన్ని అర్థాలున్నాయో కూడా నేను తర్వాతే గమనించాను. ఎప్‌సెట్ రాసిన పిల్లల ఇళ్లలో కౌన్సెలింగ్ అంటే సీటు. అందుకే ఒక తండ్రి ఎంతో ఆశగా, ఏ కాలేజీ సీటు కోసం మేడం అని అడిగాడు. పోలీసు స్టేషన్‌లో కౌన్సెలింగ్ అంటే తాగి బండి నడిపినవారిని, కొట్టుకున్న భార్యాభర్తలను పిలిచి మందలించడం. ఇక మా బడిలో అది బెదిరింపు. హోంవర్కు చేయని పిల్లను, ప్రేమ ఉత్తరంతో దొరికిన పిల్లను, నీకు కౌన్సెలింగ్ ఇప్పిస్తా అని మేమే అనేవారము. అలా వాడిన మాటను అదే నోటితో, రండి, మీ మనసులో ఉన్నది చెప్పుకోండి అనడానికి వాడితే ఎవరు వస్తారు? అందుకే ఆ మాటను గది విషయంలో పూర్తిగా మానేశాము. పిల్లలు దాన్ని లైబ్రరీ వెనుక గది అంటారు. మేమూ అలాగే అంటాము.

ఆ గదికి ముందు ఒక తప్పుడు గది ఉంది. 2025 జూన్‌లో సైకాలజిస్టు మొదటిసారి వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ గది పక్కనున్న సందర్శకుల గదిని ఇచ్చాము. ఫ్యాను, సోఫా, కిటికీకి తెర ఉన్న మంచి గది అది. మొదటి నెలలో వచ్చింది ముగ్గురే, ఆ ముగ్గురూ మేము పంపినవారే. కారణం ఒక ఇంటర్ అమ్మాయి చెప్పింది: ఆ గదికి వెళ్లాలంటే ఆఫీసు వరండా దాటాలి, ఆ వరండాలో నిలబడిన పిల్ల ఏదో తప్పు చేసిందని అందరూ అనుకుంటారు. ఇంకో ఇబ్బంది వేళ. మూడో పీరియడ్‌లో అటెండరు వచ్చి ఫలానా అమ్మాయిని మేడం పిలుస్తున్నారని తరగతి ముందు చెబితే, మధ్యాహ్నం భోజనానికల్లా ఆమె పేరు చుట్టూ పది కథలు పుడతాయి. లైబ్రరీ అయితే ఎవరైనా, ఎప్పుడైనా వెళ్లే చోటు. లోపలికి వెళ్లిన పిల్ల పుస్తకం తీసుకుందో, వెనుక తలుపు గుండా ఆ గదిలోకి వెళ్లిందో బయట ఉన్నవారికి తెలియదు. అందుకే శనివారం ఆటల పీరియడ్ నుంచి రాత్రి స్టడీ అవర్ మొదలయ్యేదాకా లైబ్రరీ తెరిచి ఉంచుతాము, ఆ వేళలో ఎప్పుడు పడితే అప్పుడు రావచ్చు. మారినది గది, వేళ మాత్రమే. వచ్చే పిల్లల సంఖ్య దసరా నాటికి ఒక్కో శనివారం తొమ్మిది, పది మందికి పెరిగింది. ఆ తర్వాత ముందుగా చీటీ వేసినవారికి ముందు అన్న పద్ధతి పెట్టాల్సి వచ్చింది.

చీటీల పెట్టె దగ్గర కూడా నేర్చుకున్నది ఉంది. మొదట తాళంచెవి నా దగ్గరే ఉండేది, శనివారం ముందు రోజు తీసి జాబితా తయారు చేసేదాన్ని. మా తెలుగు టీచరు ఒకరోజు మామూలుగా ఒక మాట అన్నారు: చీటీ మీద పేరు లేకపోయినా రాత చూస్తే ఎవరిదో నాకు తెలిసిపోతుంది అని. పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. ఆరేళ్లుగా మేము దిద్దిన రాతలవి. ఆ రోజు నుంచి తాళంచెవి సైకాలజిస్టు తనతో హనుమకొండకు తీసుకువెళతారు. మా దగ్గర రెండో తాళంచెవి లేదు.

మంచి మనిషిని వెతకడం గురించి కొంచెమే చెబుతాను. మానసిక వైద్యులు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత సైకియాట్రీ చదివి మందులు రాయగలవారు; క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉంటుంది, మందులు రాయరు, మాటలతో, పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు; కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఏ చదువు ఉన్నా లేకపోయినా కనిపిస్తుంది. కాబట్టి నమోదు అడిగి చూడటంలో మొహమాటపడకూడదు. మాకు దొరికినావిడ పిల్లలతో పనిచేసిన అనుభవం ఉన్న మహిళ. మొదటి రెండు నెలలు బస్సు ఖర్చు తప్ప ఏమీ తీసుకోలేదు. ఇప్పుడు ఉద్యోగాల్లో స్థిరపడిన మా పూర్వ విద్యార్థినులు కొందరు కలిసి ఆమెకు గౌరవ భృతి ఇస్తున్నారు. ఇది ఎల్లకాలం నడిచే పద్ధతి కాదని నాకు తెలుసు. ప్రతి గురుకులానికీ జీతం మీద నియమితులైన మనిషి ఉండాలి.

అలా ఉండాలన్నది నా కోరిక మాత్రమే కాదు. నీట్ కోచింగ్ కోసం విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉండి చదువుతూ 2023లో మరణించిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒకరు ఉండాలని, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని అందులో ఉంది. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని ఉంది. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని కూడా ఉంది. నేను ఆ అంశాలను తెలుగులో రెండు పేజీలుగా రాసి స్టాఫ్ మీటింగ్‌లో అందరికీ ఇచ్చాను. అప్పటిదాకా ఇదంతా అవసరమా అన్న మా సహోద్యోగి ఒకరు ఆ కాగితం మడిచి చేతిలో పట్టుకొని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. ఆమె కూతురు అప్పటికి హైదరాబాదులో కోచింగ్ హాస్టల్‌లో ఉంది. నోటీసు బోర్డు మీద ప్రతి నెలా అంటించే ర్యాంకుల పట్టికను తీసేయడానికి ఆ మీటింగ్‌లోనే ఒప్పుకున్నారు.

ఎంతమందికి ఈ అవసరం ఉంటుందని అడిగారు మరొకరు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ సర్వేలో తెలంగాణ లేదు, అయినా ఆ లెక్కనే పట్టుకుంటే ఆ వయసులో ఉన్న మా 400 మందిలో 29 మంది అవుతారు, అంటే దాదాపు ఒక సెక్షన్. ఆ సెక్షన్ మొత్తానికి జ్వరం వస్తే బడికి సెలవు ఇచ్చేవారము.

భాష సంగతి నేను ముందుగా ఊహించలేదు. తండాల నుంచి కొత్తగా వచ్చిన ఐదో తరగతి పిల్లలు పాఠం తెలుగులో బాగానే చదువుతారు, ఏడుపు వస్తే మాత్రం లంబాడీలోకి వెళ్లిపోతారు. పై తరగతి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి తెలుగులోకి చెప్పించుకుందామని నేను అన్నాను. సైకాలజిస్టు ఒప్పుకోలేదు, అదే తండా పిల్ల అయితే ఆ ఇంటి గుట్టు తండాకు చేరుతుంది, వేరే తండా పిల్ల అయినా అది ఆ వయసు మోయగల బరువు కాదు అన్నారు. చివరికి మా స్టాఫ్ నర్సు ఆ పని తీసుకున్నారు. ఆమెది డోర్నకల్ వైపు తండా. అయితే ఆమె లోపల కూర్చోవడానికి పిల్ల ఒప్పుకుందా అని ముందు అడుగుతారు, ప్రతిసారీ అడుగుతారు. ఒప్పుకోని పిల్ల కాగితం మీద బొమ్మ గీస్తుంది, అది కూడా సరిపోతుందట.

గోప్యత గురించి మాకు మాకు జరిగినంత వాదన మరి దేనికీ జరగలేదు. మా పిల్లల బాధ్యత మాది, ఏం జరుగుతుందో మాకు తెలియకపోతే ఎలా, రేపు ఏదైనా అయితే జవాబు చెప్పేది మేమే కదా అని హౌస్ టీచర్లు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. గురుకులంలో టీచరు పాఠం చెప్పి ఇంటికి పోయే మనిషి కాదు, రాత్రి జ్వరం చూసేదీ ఆమే, పొద్దున లేపేదీ ఆమే. కానీ అదే టీచరు మార్కులు వేస్తుంది, ప్రవర్తన గురించి తల్లిదండ్రులకు చెబుతుంది, ఔటింగ్‌కు అనుమతి ఇస్తుంది లేదా ఆపుతుంది. ఇన్ని అధికారాలున్న మనిషి చెవిలో పడుతుందని తెలిస్తే పిల్ల నోరు విప్పదు. చాలా చర్చించిన తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాము. గదిలో మాట్లాడింది గదిలోనే ఉంటుంది; రిజిస్టరులో పేరు బదులు అంకె ఉంటుంది; ఏ అంకె ఎవరిదో సైకాలజిస్టుకే తెలుసు. మూడు సందర్భాల్లో మాత్రం ఆమె ప్రిన్సిపాల్‌కు చెబుతారు: పిల్ల తన ప్రాణానికి హాని చేసుకునే ఆలోచనలో ఉన్నప్పుడు, ఇంకొకరి ప్రాణానికి హాని ఉన్నప్పుడు, పిల్లపై లైంగిక వేధింపు జరిగినట్టు తెలిసినప్పుడు. మూడోది మా ఇష్టానికి సంబంధించినది కాదు. 18 ఏళ్ల లోపు పిల్లలపై ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలపాలని 2012 పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. ఈ మూడు మినహాయింపులను పిల్ల మాట మొదలుపెట్టకముందే ఆమెకు వివరిస్తారు. అలా ముందే చెబితే ఎవరూ ఏమీ చెప్పరేమో అని నేను భయపడ్డాను. అలా జరగలేదు. ముందు చెప్పి మాట నిలబెట్టుకునే పెద్దమనిషి మీద పిల్లలకు నమ్మకం కుదిరింది.

ఆ ఒప్పందాన్ని మొదట తప్పింది నేను. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు శనివారాలు ఆ గదికి వెళ్లింది. మూడో వారం, భోజనాల వరుసలో ఆమె ముఖం తేటగా కనిపించిన సంతోషంలో, భుజం మీద చేయి వేసి, "ఏం బిడ్డా, ఆ మేడంతోని మాట్లాడినంక మంచిగున్నదా?" అని అడిగాను. ఆమె వెనుక నలుగురు స్నేహితురాళ్లు నిలబడి ఉన్నారు. ఆమె కంచం వైపు చూస్తూ తల ఊపింది. ఆ తర్వాత ఒక్క శనివారం కూడా రాలేదు. నేను ఒంటరిగా కలిసి క్షమించమని అడిగితే, పర్లేదు మేడం అంది, ఆ మాటలో పర్లేదన్న భావం లేదు. ఇప్పుడు పదో తరగతిలో ఉంది. బాగానే చదువుతోంది. ఆమెకు ఆ గదిని నేనే దూరం చేశానన్న సంగతిని నేను మరచిపోలేను. అప్పటి నుంచి సిబ్బంది ఎవరూ, ప్రేమగానైనా సరే, ఆ గది ప్రస్తావన పిల్లలతో తేవద్దన్న నియమం పెట్టుకున్నాము.

పిల్లలు ఏం చెప్పుకుంటారో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. ఏ రకం సంగతులు ఎక్కువ వస్తున్నాయో మాత్రం సైకాలజిస్టు మూడు నెలలకొకసారి, ఎవరి వివరమూ లేకుండా చెబుతారు. ప్రేమ వ్యవహారాలే ఎక్కువ ఉంటాయని మా సిబ్బంది అంచనా. నిజానికి అన్నింటికంటే ఎక్కువగా వచ్చింది స్నేహం చెడిపోవడం. ఇల్లు వదిలి వచ్చిన పిల్లకు పక్క మంచం స్నేహితురాలే తల్లి, చెల్లి. ఆమె వేరే గుంపులో కూర్చొని తినడం మొదలుపెడితే రోజంతా ఒంటరితనమే, పారిపోవడానికి ఇంకో చోటు ఉండదు. తర్వాతిది ఇంటి బెంగ: నాయన తాగి అమ్మను కొడుతున్నాడేమో, నేను అక్కడ లేనే, తమ్ముణ్ని ఎవరు చూసుకుంటారు అని. ఇంటర్‌లో చేరిన పిల్లల్లో, ఇంతవరకు బడిలో మొదటి ర్యాంకులో ఉండి ఇప్పుడు వెనుకబడినందుకు సిగ్గు. చిన్న తరగతుల్లో పక్క తడపడం, మొదటి నెలసరి గురించిన భయం. వీటికి సగం పరిష్కారం నర్సు చేతిలోనే ఉంది, అదనపు దుప్పటి, ఉతకడానికి ఎవరూ చూడని చోటు. పెళ్లి మాటలు వచ్చిన సందర్భంలో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేశాము. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఉన్నా, ఆ తండ్రితో ముందుగా మాట్లాడింది, ఆయన వినిపించుకున్నది మా వంట మనిషి మాటే.

వంట మనుషుల గురించి ఇంకొంచెం చెప్పాలి. సిబ్బంది శిక్షణకు మొదట టీచర్లనే పిలిచాము. సైకాలజిస్టు మాత్రం వంటగదిలో పనిచేసేవారు, స్వీపర్లు, రాత్రి వాచ్‌ఉమన్ లేకుండా మొదలుపెట్టనన్నారు. ఎవరి కంచంలో అన్నం మిగులుతోందో వంటమ్మకు తెలుసు. రాత్రి రెండు గంటలకు బాత్రూముల దగ్గర ఎవరు ఒంటరిగా కూర్చుంటున్నారో వాచ్‌ఉమన్‌కు తెలుసు. మాకు మార్కులు పడిపోయాక తెలిసే సంగతి వారికి నెల ముందే తెలుస్తుంది. ఆ శిక్షణలో అందరినీ ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఒకే మాట. చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లను సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మేమందరం నమ్మేవారము. అది నిజం కాదని, నెమ్మదిగా, సూటిగా అడగడం వల్ల పిల్లకు బరువు దిగుతుందని ఆమె వివరించారు. అవునని పిల్ల అంటే ఉపదేశాలు చెప్పకూడదు, తిట్టకూడదు, ఒంటరిగా వదలకూడదు. నర్సు పక్కనే ఉండాలి, అదే రోజు ఎం.జి.ఎం.కు తీసుకువెళ్లాలి. ఈ ఏడాదిలో రెండుసార్లు అలా వెళ్లాము. రెండుసార్లూ బండి ఎక్కేదాకా పిల్ల చేయి పట్టుకొని కూర్చున్నది వాచ్‌ఉమనే.

తల్లిదండ్రులకు నెలకొకసారి వచ్చే ఆదివారం నాడు చెబుతాము. వరుసలో కూర్చోబెట్టి చెప్పడం కంటే, చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పి బిడ్డకు తినిపిస్తున్నప్పుడు పక్కన కూర్చొని చెప్పడం మేలని అనుభవం మీద తెలిసింది. "మా బిడ్డకు పిచ్చి లేసిందా మేడం?" అని ఒక తల్లి గొంతు తగ్గించి అడిగింది. నేను ఆమెను ఎదురు ప్రశ్న అడిగాను: పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో ఎవరితోనూ మాట్లాడలేక ఏడ్చిన రోజులు నీకు లేవా అమ్మా అని. ఆమె చాలాసేపు చెప్పింది. తర్వాత తన బిడ్డ వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వమంది. అందరూ అలా ఒప్పుకోలేదు. ఒక కుటుంబం మరుసటి వారమే టీసీ తీసుకొని వెళ్లిపోయింది. మానసిక డాక్టరు దగ్గరికి పంపారని ఊళ్లో తెలిస్తే రేపు పెళ్లి సంబంధం రాదని వారి భయం. ఆ అమ్మాయి ఎక్కడ చదువుతోందో కనుక్కున్నాను, ఆ బడి టీచరుతో మాట్లాడాను. అంతకంటే నా చేతిలో లేకపోయింది.

గది పదిహేను రోజులకొకసారే తెరుచుకుంటుంది, బెంగ మాత్రం రోజూ ఉంటుంది. అందుకే టెలీ మానస్ నంబరు 14416 ప్రతి డార్మిటరీ తలుపు మీద రాయించాము. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కానీ ఫోన్ చేతిలో లేని పిల్లలకు గోడ మీది నంబరు ఏం పనికొస్తుంది? నర్సు గదిలో ఒక ఫోన్ పెట్టి, ఎవరికి చేస్తున్నావని అడగకుండా ఇవ్వాలని, నర్సు ఆ సమయంలో బయట వరండాలో కూర్చోవాలని నిర్ణయించుకోవడానికి మాకు రెండు మీటింగులు పట్టాయి. పిల్లలు దాన్ని అబ్బాయిలకు ఫోన్ చేయడానికి వాడుకుంటారని అభ్యంతరం వచ్చింది. ఒకవేళ ఒకరిద్దరు అలా వాడినా, నిజంగా అవసరమైన ఒక్క పిల్లకు ఆ ఫోన్ దొరకకపోవడం కంటే అదే నయమని నా అభిప్రాయం. ప్రిన్సిపాల్ కూడా చివరికి అదే అన్నారు.

మిగిలిపోయిన కొరత సెలవులది. ఏప్రిల్‌లో చివరి శనివారం నాడు ఒక ఆరో తరగతి పిల్ల గదిలోంచి బయటికి వచ్చి, లైబ్రరీలో పుస్తకాలు సర్దుతున్న నన్ను చూసి, "ఎండకాలం సెలవులల్ల ఈ గది ఉండదా మేడం?" అని అడిగింది. ఉండదని చెప్పాల్సి వచ్చింది. జూన్‌లో బడి తెరిచాక ఆ సంగతి సైకాలజిస్టుతో చెప్పాను. ఇంటి నుంచి తిరిగి వచ్చిన తొలి వారమే పిల్లలకు కష్టమని, మనం ఆ వారాన్నే వదిలేస్తున్నామని ఆమె అన్నారు. ఈసారి దసరా సెలవుల తర్వాత శనివారం దాకా ఆగకుండా, పిల్లలు వచ్చిన రెండో రోజు సాయంత్రమే వచ్చి, రాత్రి భోజనం దాకా ఉంటానన్నారు. ఆ రోజు లైబ్రరీ తొమ్మిదింటి వరకు తెరిచి ఉంచడానికి అనుమతి తీసుకున్నాము. గదిలోకి ఇంకొక చాప కొనాలి.